భీమిలి పాత రేవు తీరం: ఏది కట్టాలి, ఏది కట్టకుండా వదలాలి?

గోస్తని (చర్చ ప్రారంభం)

భీమునిపట్నం (మన భీమిలి) తీరాన్ని పర్యాటక కేంద్రంగా తీర్చిదిద్దాలన్న మాట నేను బడిలో చదువుకునే రోజుల నుంచీ వింటూనే ఉన్నాను. భోగాపురం విమానాశ్రయం పనులు మొదలయ్యాక ఆ మాటకు బలం వచ్చింది, దానితోపాటు తీరం వెంబడి స్థలాల ధరలూ పెరిగాయి. కాబట్టి ఎవరో గీసిన పటం మన ముందుకు వచ్చేలోగా, మనకు ఏమి కావాలో మనమే ఒకసారి తేల్చుకోవడం మంచిదని ఈ చర్చ ప్రారంభిస్తున్నాను.

ఊరు ఎరుగని వారి కోసం నాలుగు మాటలు చెబుతాను. పదిహేడో శతాబ్దంలో డచ్చి వర్తకులు ఇక్కడ స్థావరం ఏర్పరచుకున్నారు. మధ్యలో చేతులు మారినా చివరకు 1825లో ఊరు ఆంగ్లేయుల వశమైంది. 1861 నాటికే ఇక్కడ పురపాలక వ్యవస్థ మొదలైంది. ఆ తరువాత పందొమ్మిదో శతాబ్దపు చివరి దశకంలో తూర్పు తీరపు రైలు మార్గం ఊరిని పక్కకు వదిలి విజయనగరం మీదుగా వాల్తేరుకు వెళ్ళింది, 1933లో విశాఖ ఓడరేవు తెరుచుకుంది. ఈ రెండు దెబ్బలతో భీమిలి రేవు మూగబోయింది. నేడు మిగిలినవి దీపస్తంభం, గడియారస్తంభం, డచ్చి సమాధులు, కొన్ని పాత గోదాములు, గోస్తని నది సముద్రంలో కలిసే సంగమం, వీటన్నిటి మధ్య రోజూ బతుకుతున్న వేట పడవలు.

నా ప్రతిపాదన చిన్నది. గడియారస్తంభం నుంచి దీపస్తంభం మీదుగా సంగమం దాకా నీడ ఉన్న ఒక నడకదారి వేయాలి. పాత గోదాముల్లో నిలబడగలిగిన వాటిని బాగుచేయాలి. దారికి సముద్రం వైపు శాశ్వత కట్టడం ఒక్కటి కూడా ఉండకూడదు. మీ అభిప్రాయాలు తెలియజేయగలరు.

లెక్కలపద్దు

గోస్తని గారూ, మీ ఊరి మీద మీకున్న ప్రేమను గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. నేను ఇరవై ఏళ్లుగా హోటళ్ళ నిర్వహణలో ఉన్నాను. నడకదారి వేయడం కష్టం కాదు, దానిని ప్రతి ఉదయం ఊడ్చే మనిషికి జీతం ఎవరిస్తారన్నదే కష్టమైన ప్రశ్న. మరుగుదొడ్డి, మంచినీరు, దీపాలు, కాపలా, చెత్త బండి అన్నీ నెలనెలా డబ్బు అడుగుతాయి. ప్రారంభోత్సవం నాడు మెరిసి, రెండేళ్ళకు పలకలు ఊడి, మూడో ఏట తాళం పడిన తీర ఉద్యానాలు ఈ కోస్తాలో నేను ఎన్నో చూశాను.

అందువల్ల ఆదాయం తెచ్చే కేంద్రం ఒకటి ఉండి తీరాలి. తీరం మీద మూడు నాలుగు మంచి హోటళ్ళకు చోటిచ్చి, వాటి అద్దెతో మిగిలినది నడిపించవచ్చు. అలాగే సంగమం దగ్గర చిన్న అడ్డుకట్ట వేసి నీరు నిలబెడితే ఏడాది పొడవునా పడవ షికారు నడుస్తుంది. వేసవిలో గోస్తని పాయ సన్నబడి, ఇసుక మేటలతో కళ తప్పి ఉంటుందన్నది మీకూ తెలిసినదే. విశాఖ వచ్చిన పర్యాటకుడు కుర్సురా జలాంతర్గామిని చూసి, రుషికొండలో స్నానం చేసి వెనుదిరుగుతున్నాడు. అతను భీమిలి దాకా వచ్చి ఒక రాత్రి ఉండకపోతే ఊరికి మిగిలేది ఐస్‌క్రీమ్ కాగితాలు మాత్రమే.

ఒడ్డుగాలి

హోటలు కావాలా, ఉద్యానం కావాలా అన్న దానికన్నా ముందు ఇసుక సంగతి చూడాలి. నేను తీర నిర్మాణాల పనిలో ఉన్న ఇంజనీరును కాబట్టి కొంచెం విస్తరించి చెప్పడానికి అనుమతించండి.

మన తూర్పు తీరంలో ఇసుక స్థిరంగా ఉండదు. నైరుతి గాలుల కాలంలో అలలు ఒడ్డును ఏటవాలుగా తాకుతూ ఇసుకను ఉత్తరానికి తోస్తాయి. ఈశాన్య గాలులు వీచే నెలల్లో కొంత వెనక్కి వస్తుంది గాని, ఏడాది లెక్క చూసుకుంటే ఎక్కువ భాగం ఉత్తరానికే పోతుంది. ఈ నడకకు అడ్డంగా సముద్రంలోకి ఒక గోడ కట్టామంటే, గోడకు దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. విశాఖ ఓడరేవు కట్టిన వారికి ఇది మొదటి రోజు నుంచీ తెలుసు. ప్రవేశమార్గంలో ఇసుక పూడకుండా 1930ల నాడే రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా వాడుకున్నారు. ఇప్పటికీ ఓడరేవు వారు తవ్వి తీసిన ఇసుకను రామకృష్ణా బీచికి పంపు చేయవలసి వస్తోంది. అంటే మనం ఆదివారం సాయంత్రం కూర్చునే ఆ ఒడ్డు కొంతవరకు ప్రకృతి ఇచ్చినది, కొంతవరకు గొట్టం ద్వారా వచ్చినది.

పుదుచ్చేరి సంగతి ఇంకా స్పష్టమైన పాఠం. అక్కడి సముద్రపు వీధి అందాన్ని అందరూ మెచ్చుకుంటారు. సాయంత్రమైతే వాహనాలను ఆపి మొత్తం దారిని నడిచే వారికి వదిలేస్తారు, ఆ పద్ధతి మనమూ అనుసరించదగినదే. అయితే 1980ల చివర నగరానికి దక్షిణాన హార్బరు గోడలు లేచిన తరువాత వీధి ముందున్న ఇసుక ఒడ్డు పూర్తిగా పోయి, దాని స్థానంలో నల్ల బండరాళ్ళు మిగిలాయి. ఆ రాళ్ళు నగరాన్ని కాపాడాయి, కోతను మాత్రం ఇంకా ఉత్తరాన ఉన్న మత్స్యకార గ్రామాల మీదికి నెట్టాయి. చివరకు 2018 ప్రాంతంలో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వారు నీటి అడుగున ఉక్కుతో కృత్రిమ దిబ్బను నిలిపాకనే కొంత ఒడ్డు తిరిగి ఏర్పడింది.

ఇప్పుడు సంగమం దగ్గర అడ్డుకట్ట మాటకు వస్తాను. వరదల కాలంలో గోస్తని తెచ్చే ఇసుక కూడా భీమిలి ఒడ్డుకు ఆహారమే. దానిని కట్ట వెనుక ఆపితే, లెక్కలపద్దు గారి హోటలు గది కిటికీలోంచి కనిపించవలసిన ఇసుకే లేకుండా పోయే ప్రమాదం ఉంది. కనీసం ఏడాది పాటు నెలనెలా ఒడ్డు వెడల్పును కొలవకుండా అక్కడ ఏదీ కట్టకూడదన్నది నా వృత్తిపరమైన అభిప్రాయం.

అలివివల

మాది వేట కుటుంబం. నేను బడిపంతులునైనా మా అన్నదమ్ములు ఇప్పటికీ సముద్రం మీదే ఆధారపడి ఉన్నారు. ఇప్పటి వరకూ రాసిన వారిలో గోస్తని గారు పడవలను ఒక వాక్యం చివర ప్రస్తావించారు, మిగిలిన వారు ఆ మాత్రం కూడా ప్రస్తావించలేదు. తప్పు పట్టడం లేదు, ఇలాంటి ప్రణాళికలు ఎలా మొదలవుతాయో గుర్తు చేస్తున్నాను.

తీరాన్ని ప్రజలకు అందుబాటులోకి తేవాలి అంటున్నారు. తీరం ఇప్పుడు ఎవరికి అందుబాటులో లేదో ముందు చెప్పండి. తెల్లవారుజామున ఫైబరు పడవలు ఒడ్డుకు చేరుతాయి. అలివి వలను ఇరవై ముప్పై మంది రెండు వైపులా పట్టుకుని లాగుతారు. మా ఆడవాళ్ళు అక్కడే చేపలను పాట పెట్టి, గంపలకెత్తుకుని బజారుకు పోతారు. ఎండ ఎక్కాక అదే ఇసుక మీద వలలు ఆరుతాయి, ఎండుచేపలు ఆరుతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకు వేట నిషేధం ఉన్న అరవై ఒక్క రోజులూ పడవలన్నీ ఒడ్డు మీదికి వచ్చి మరమ్మతులు చేయించుకుంటాయి. ఖాళీ స్థలం అని మీరు అనుకునేది మాకు కార్ఖానా. దానికి గోడలు లేవు కాబట్టి అది ఖాళీగా కనిపిస్తుంది, అంతే.

మరో తీరంలో మా బంధువుల ఊరి ముందు ఇలాగే సుందరీకరణ జరిగింది. పలకలు పరచి, రెయిలింగు పెట్టి, పడవలను రెండు ఫర్లాంగుల అవతలికి జరపమన్నారు. పడవ జరుగుతుంది గాని, ఇంజను, వల, ఐసుపెట్టె, చేపల గంప రోజూ ఎవరు మోస్తారు? ఎండుచేపల వాసన వస్తోందని పర్యాటకులు ఫిర్యాదు చేస్తే ఆ ఆరబెట్టే చోటూ పోయింది. వల లాగే దృశ్యాన్ని ఫొటో తీసుకోవడానికి వచ్చిన వారే దాని వాసన భరించలేమన్నారు.

నడకదారికి నేను వ్యతిరేకిని కాను. పడవలు లాగే చోట దారికి మెట్లు, రెయిలింగు ఉండకూడదు, వలలు ఆరే స్థలానికి హద్దులు గీసి మా పేరున రాతపూర్వకంగా ఉంచాలి. ఈ రెండు మాటలు పటం మీద మొదటే ఉండాలి.

లెక్కలపద్దు

అలివివల గారు చెప్పిన దానిలో న్యాయం ఉంది. ఎండుచేపల సంగతి నేను నిజంగానే ఆలోచించలేదు. కాని ఒడ్డుగాలి గారి సలహా ప్రకారం ఏడాది కొలిచి, మరో ఏడాది చర్చించి, ఆ తరువాత అనుమతులకు వెళ్ళేలోగా పాత గోదాముల కప్పులు నిలుస్తాయా అన్నది చెప్పండి. ఏమీ చేయకపోవడానికి కూడా ఖరీదు ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు పాత ఇళ్ళ పెంకులు ఎలా ఎగిరిపోయాయో అందరమూ చూశాము.

పాతసున్నం

కప్పుల మాట వచ్చింది కాబట్టి నా వంతు చెబుతాను. పాత కట్టడాల మరమ్మతు మా పని. తీరప్రాంతంలో పాత గోడలను గాలివాన ఎంత పాడుచేస్తుందో, మంచి మనసుతో చేసిన సిమెంటు మరమ్మతు కూడా అంత పాడుచేస్తుంది. ఆ గోడలు ఇటుక, సున్నంతో కట్టినవి. ఉప్పుగాలి వల్ల లోపలికి చేరిన తేమ సున్నపు పూతలోంచి నెమ్మదిగా బయటికి పోతుంది. పైన సిమెంటు పూస్తే తేమకు దారి మూసుకుపోతుంది, ఉప్పు లోపలే గడ్డకట్టి ఇటుకను పొడిపొడి చేస్తుంది, అయిదారు వర్షాకాలాలు గడిచాక పూత అట్టలా ఊడి వస్తుంది, దానితోపాటు ఇటుక ముఖమూ పోతుంది. గానుగ సున్నం తయారు చేయగల మేస్త్రీలు ఇప్పుడు తక్కువే గాని లేకపోలేదు. కరక్కాయ నీరు, బెల్లపు నీరు కలిపి సున్నాన్ని నానబెట్టే పద్ధతి తెలిసిన పెద్దవారి దగ్గర నలుగురు కుర్రాళ్ళకు పని నేర్పిస్తే, ఆ గోదాము మరమ్మతే ఒక బడి అవుతుంది.

డచ్చి సమాధుల గురించి ఒక విన్నపం. అవి సన్నగా పైకి లేచిన స్తంభాలు, శిఖరాల ఆకారంలో ఉన్న కట్టడాలు, రాతిపలకల మీద చెక్కిన అక్షరాలు క్రమంగా అరిగిపోతున్నాయి. అక్కడ కావలసినవి రంగుదీపాలు, ఫౌంటెను కావు. పిచ్చిమొక్కల వేళ్ళను గోడల సందుల్లోంచి తీయాలి, వాననీరు నిలవకుండా చూడాలి, పలకలపై రాతలను ఇప్పుడే అచ్చంగా నమోదు చేసి ఉంచాలి. వీటికి ఏడాది ఆగనక్కరలేదు, ఎవరి అడ్డుకట్టా అవసరం లేదు. లెక్కలపద్దు గారి తొందరకు ఇక్కడ పని దొరుకుతుంది.

కార్డిఫ్‌వాసి

నేను పదకొండేళ్ళుగా బ్రిటన్‌లోని వేల్సు రాజధాని కార్డిఫ్‌లో ఉంటున్నాను. అడ్డుకట్ట వేసి నీరు నిలబెట్టడం అన్న ఆలోచనను ఇక్కడ నిజంగానే అమలు చేశారు కాబట్టి రాస్తున్నాను.

కార్డిఫ్ ఒకప్పుడు బొగ్గు ఎగుమతికి ప్రపంచ ప్రసిద్ధి పొందిన రేవు. ఆ వర్తకం పోయాక రేవు ప్రాంతం పాడుబడింది. 1987లో ఒక అభివృద్ధి సంస్థను ఏర్పాటు చేసి, టాఫ్, ఎలీ నదులు సముద్రంలో కలిసే చోట సుమారు 1.1 కిలోమీటర్ల కట్ట కట్టారు. 1999లో అది పూర్తయింది. అక్కడ ఆటుపోట్ల తేడా 12 మీటర్లకు పైగా ఉంటుంది కాబట్టి పోటు తీసినప్పుడు బురదనేల మాత్రమే కనిపించేది, అది చూడముచ్చటగా లేదని కట్ట వేసి దాదాపు 200 హెక్టార్ల మంచినీటి సరస్సును తయారు చేశారు. ఈనాడు సరస్సు చుట్టూ నడకదారి, నాటకశాల, శాసనసభ భవనం ఉన్నాయి. మా పిల్లలు అక్కడే సైకిలు నేర్చుకున్నారు, ఆ సంతోషాన్ని నేను కాదనలేను.

అయితే ఆ బురదనేల వేలాది వలస పక్షులకు మేత దొరికే చోటు. దానికి బదులుగా న్యూపోర్టు దగ్గర వేరే చిత్తడి నేలలను తయారు చేయవలసి వచ్చింది. నిలవనీటిలో ప్రాణవాయువు తగ్గకుండా గొట్టాల ద్వారా గాలి పంపుతున్నారు, చేపలు ఎగువకు పోవడానికి ప్రత్యేకంగా దారి కట్టారు, పడవలు రాకపోకలు సాగించడానికి తలుపుల గదులను (లాకులను) నడిపిస్తున్నారు. ఇవన్నీ కట్ట ఉన్నంత కాలం సాగే ఖర్చులు. సరస్సు అంచున ఖరీదైన ఇళ్ళు లేచాయి, తరతరాలుగా ఓడ కార్మికులు నివసించిన బ్యూట్‌టౌన్ మాత్రం దాని వెనుకే, దానికి చెందనట్టుగా ఉండిపోయింది. ఈ వీధిలోంచి ఆ వీధికి నడిచి వెళ్ళడానికి అయిదు నిమిషాలు చాలు, కాని ఎవరూ అంతగా నడవరు.

కార్డిఫ్‌కు ఒక రాజధాని నగరపు ఖజానా అండగా ఉంది. గోస్తనీ సంగమానికి ఆ అండ ఎక్కడిది?

లెక్కలపద్దు

సరే, అడ్డుకట్ట మాట వెనక్కి తీసుకుంటున్నాను. నెలనెలా గాలి కొట్టవలసిన సరస్సును ఏ హోటలు యజమానీ భరించడు.

ఆదాయం ప్రశ్న మాత్రం అలాగే ఉంది. కేరళలోని ఫోర్టు కొచ్చిలో ఒక మార్గం కనిపిస్తుంది. అక్కడ 2012లో మొదలైన కళా ప్రదర్శన, కొత్త భవనాలు కట్టకుండా ఆస్పిన్‌వాల్ హౌస్ వంటి పాత వర్తక భవనాలను, సముద్రపు ఒడ్డు గోదాములను వాడుకుంది. ప్రదర్శన జరిగే నెలల్లో ఆ చుట్టుపక్కల ఇళ్ళవారే అతిథులకు గదులిచ్చి సంపాదించుకుంటున్నారు. దీన్ని బట్టి నా లెక్కను కొద్దిగా మారుస్తున్నాను. తీరం మీద హోటళ్ళు వద్దు, ఊరి లోపలి పాత ఇళ్ళలో గదులు ఉండనివ్వండి. ఆ ఆదాయంలో ఒక భాగం తప్పనిసరిగా తీరపు నిర్వహణకు పోయేలా నిబంధన ఉండాలి. అయితే కొచ్చిలో ఒక గోదాము నిండా చూపించడానికి ఏదో ఉంది. భీమిలి గోదాములో ఏమి చూపిస్తారు?

మూడోలంగరు

ఏమి చూపిస్తారన్న ప్రశ్నకు ముసలివాడిని నేను జవాబు చెబుతాను. మా తాతగారు ఇక్కడి రేవులో సరుకు పడవల మీద పనిచేశారు.

భీమిలికి ఓడలు ఆనే గట్టు ఏనాడూ లేదు. ఓడ దూరంగా లోతునీటిలో లంగరు వేసేది. ఒడ్డు నుంచి సరుకును మసూలా పడవల మీద అలలు దాటించి ఓడకు చేర్చేవారు. ఆ పడవకు మేకులు కొట్టరు, పలకలను తాళ్ళతో కుట్టేస్తారు. మేకులు కొట్టిన పడవ ఒడ్డున విరిగే అలల దెబ్బకు పగిలిపోతుంది, కుట్టిన పడవ కొంచెం వంగి సర్దుకుంటుంది. ఒక్క పడవను కుట్టి, గోదాములో నిలిపి, పిల్లల చేత ఆ తాళ్ళను పట్టించి చూడండి, మీ రంగుదీపాల కన్నా ఎక్కువ సేపు నిలబడి చూస్తారు.

ఇక సరుకు విషయం. లోకమంతా వాడిన ఒక నారకు మన ఊరి పేరు ఉందని ఇక్కడ ఎంతమందికి తెలుసు? గోగునారను వర్తకులు ‘బిమ్లిపటం జూట్’ అనే వ్యవహరించేవారు. గోంగూర మొక్కకు దగ్గరి బంధువైన మొక్క అది. అలాగే తోళ్ళు పదును చేయడానికి వాడే కరక్కాయల్లో ఒక రకానికి ఆంగ్ల వర్తకంలో ‘బిమ్లీలు’ అన్న పేరే స్థిరపడింది. పాతసున్నం గారి గానుగలో పడే కరక్కాయా, విదేశాలకు ఓడెక్కిన కరక్కాయా ఒకటే. మన్యం నుంచి కరక్కాయ, మెట్ట పొలాల నుంచి గోగునార, చిట్టివలసలో మూతపడి ఉన్న జూట్ మిల్లు, ఒడ్డున కుట్టుపడవ, ఆ ఆవల లంగరేసిన ఓడ: ఇది ఒకే కథ. దీనిని చెప్పకుండా తీరంలో డాల్ఫిన్ బొమ్మ నిలబెడితే, ఆ బొమ్మ ఏ ఊళ్ళోనైనా ఉండవచ్చు.

మిల్లును గురించి పెద్ద ఆశలు పెట్టుకోకండి. అక్కడి కార్మికుల మాట పక్కన పెట్టి దానిని ప్రదర్శనశాల చేద్దామనడం నాకు న్యాయంగా తోచదు.

ఒడ్డుగాలి

మూడోలంగరు గారికి నమస్కారం. ఒక చిన్న సాంకేతిక విషయం చేర్చి ముగిస్తాను. తీరప్రాంత నియంత్రణ మండలాల (సీఆర్‌జడ్) మీద 2019లో కేంద్రం ఇచ్చిన ప్రకటన ప్రకారం, నిర్మాణ నిషేధ మేరలో కూడా పోటు గీతకు (పోటు నీరు చేరే హద్దుకు) ఊరి వైపున కనీసం 10 మీటర్ల దూరంలో తాత్కాలిక పర్యాటక సదుపాయాలకు కొన్ని షరతులతో అవకాశం ఉంది. మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు, చిన్న దుకాణాలు ఈ కోవలోకి వస్తాయి. అంటే గోస్తని గారు కోరినట్టు సముద్రం వైపు శాశ్వత కట్టడం లేకుండానే లెక్కలపద్దు గారి కనీస సదుపాయాలు సమకూర్చవచ్చు. వాటిని తుపాను హెచ్చరిక రాగానే విప్పి ఊరిలోకి తరలించగలిగేలా తయారు చేయాలి.

దీపాల విషయంలో మరో జాగ్రత్త అవసరం. జనవరి నుంచి ఏప్రిలు వరకూ విశాఖ, భీమిలి మధ్య ఒడ్డున ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. పిల్లలు గుడ్డులోంచి బయటపడగానే వెలుగు ఉన్న దిక్కుకు పాకుతాయి, ఎందుకంటే చీకటి ఒడ్డున ఎక్కువ వెలుగు సముద్రం మీదే ఉంటుంది. వరుసగా ఎత్తు స్తంభాల దీపాలు నిలిపితే అవి రోడ్డు మీదికి వచ్చి చస్తాయి. మోకాలెత్తు లోపు, నేలకు మాత్రమే పడే ఎర్రటి మసక వెలుగు చాలు.

గోస్తని

నా మొదటి ప్రతిపాదనలో పడవలను జాబితా చివర పెట్టానని అలివివల గారు ఎత్తిచూపారు. తిరిగి చదువుకుంటే నాకే సిగ్గుగా అనిపించింది. దారి ఎక్కడ వేయాలో తేల్చే ముందు పడవలు ఎక్కడ లాగుతారో, వలలు ఎక్కడ ఆరుతాయో గుర్తించాలి. దారి ఆ చోట్లలో ఆగిపోయి, ఇసుక మీదుగా సాగి, అవతల మళ్ళీ మొదలైనా నష్టం లేదు.

వచ్చే వేట నిషేధ కాలంలో పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి కనుక, ఆ రోజుల్లో ఒక పటం గీద్దామని అనుకుంటున్నాను. అలివివల గారూ, మీ వారితో మాట్లాడి మాకు రావడానికి వీలున్న రోజు చెప్పగలరా?

అలివివల

మా పెద్దలతో మాట్లాడాను. రావచ్చునన్నారు. అయితే పటం గీయడానికి ఏప్రిల్లోనే వస్తే మీకు సగమే తెలుస్తుంది. ఆ నెలల్లో పడవలు మరమ్మతుకు ఒడ్డు మీద పైకెక్కి ఉంటాయి. నవంబరులో అలలు ముందుకు వచ్చి, ఉన్న కొద్ది ఇసుకలో అందరమూ ఇరుకుపడి, ఒకరి వల మీద మరొకరి వల ఆరబెట్టుకునే రోజుల్లో కూడా ఒకసారి రండి. మా చిన్నన్న గత ఏడాది అలలు ఎక్కడిదాకా వచ్చాయో గుర్తుగా ఒక తాటిమొద్దు పాతాడు. ఒడ్డుగాలి గారి కొలతలు అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. తెల్లవారుజామున నాలుగున్నరకు రావాలి, ఆ తరువాత వస్తే మాట్లాడటానికి ఒడ్డున ఎవరూ ఖాళీగా ఉండరు.